టాకీలో ఏడ్చిన మా ఆయన

ఆదివారం రాత్రి, నగర్తపేట

నిన్న చూసిన టాకీ వట్టి దండగ. కథానాయిక పుస్తకాలన్నీ మొగుడు పొయ్యిలో పెడతాడు, ఆమె నిలబడి పాట పాడతాది. ఆడోళ్ల బెంచీల్లో ఉండే నాకు, మగోళ్ల వైపు నుంచి మా ఆయన ముక్కు చీదే చప్పుడు వినపడింది. "ఎంత కష్టమప్పా ఆ పిల్లకు!" ఇల్లు చేరేదాకా అదే మాట.

ఈ పొద్దు చూస్తే, నేను దాచుకున్న వారపత్రికలో సీరియల్ ఆఖరి భాగం లేదు. మా ఆయన మా అంగట్లో ధనియాల పొట్లాలకు చించేసినాడు. యుద్ధం వచ్చి కాగితం దొరకదంట.

"పాత కాగితమే కదే, దానికింత రచ్చా?" అన్నాడు.

అదేం గొప్ప కథ కాదు. నాయకుడు వారం వారం మూర్ఛపోతుంటాడు. అయినా చివరికి లేచినాడో లేదో నాకు తెలియద్దా?

వచ్చే శనివారం మళ్లీ అదే టాకీకి పోదామంటాడు. తెరమీదికెక్కి పాట పాడితే తప్ప ఈ మహానుభావుడికి నేను కనపడను.