గుల్లలో కాపురం

ఉక్కునగరం, సోమవారం

మావయ్య గారికి అల్లుడు సాయిశంకర్ దూరం నుంచే పెడుతున్న నమస్కారం.

నా ఫోను మీరెత్తరు కాబట్టి ఈ ఉత్తరం మీ ఊరి సన్యాసమ్మ చేపల గంపలో యారాడ వస్తోంది. పెళ్ళి భోజనాల్లో నా ఒక్కడి కోసం మీరే స్వయంగా వండిన వంజరం పులుసు నేను ఆకులో వదిలేశాను. చేప పడదన్నాను. "సేప లేని ఇంటి గడప నాను తొక్కను" అని మీరు పందిట్లో అందరి ముందూ అన్నారు. మూడేళ్ళయింది. జ్యోతిర్మయి నన్నేమీ అనదు. సన్యాసమ్మ గంప మా సెక్టార్లోకి రాగానే, కొనేదేమీ లేకపోయినా రెండంతస్తులు దిగి, "మా అయ్య ఏటి సేత్తన్నాడు పిన్నీ?" అని అడిగి వస్తుంది. నాకది చూడ్డం కష్టంగా ఉంది.

అందుకని ఇంట్లోకి చేపల్ని తెస్తున్నాను, పెంచుకోడానికి. రెండడుగుల అద్దాల తొట్టి కొన్నాను. నెల నుంచీ అది ఎదురింట్లో ఫిల్టరు పెట్టుకుని గుడగుడమంటోంది. పూర్ణా మార్కెట్ దగ్గర రంగు చేపలమ్మే మోహనకృష్ణ ఆఫ్రికా చేపలు చూపించాడు. సిక్లిడ్లంటారు, మలావి అనే సరస్సువి. అతను చేపల గురించి మనుషుల గురించి చెప్పినట్టే చెబుతాడు. నాకూ అదే అంటుకుంది.

ఒక మగవాడికి కనీసం ముగ్గురు ఆడవాళ్ళు ఉండి తీరాలట. ఒక్కతే ఉంటే మూలమూలకీ తరిమి చంపేస్తాడట. ముగ్గురైతే వాడి కోపం తలా కాస్త పంచుకుంటారు. ఇల్లు ఇరుకే, అయినా ముగ్గుర్నీ తెచ్చేద్దామనుంది. పసుపు రంగు వాళ్ళు నాకు బాగా నచ్చారు. మీరు అనుభవం ఉన్నవారు, ఏమంటారు?

మీ పులుసు వదిలేసిన పాపి,
సాయిశంకర్

తా.క.: జ్యోతికి చెప్పకండి. ఆదివారం ఆమె పుట్టినరోజుకి చూపిస్తాను. అప్పటిదాకా ఎదురింటి గవర్రాజు గారింట్లో దాస్తాను.

❖

యారాడ, మంగళవారం

చిరంజీవి అనడానికి మనసొప్పక, ఉత్త సాయిశంకర్‌కి అప్పలరాజు రాసేది.

గంపలో ఐసు కరిగి నీ ఉత్తరం పై సగం కానాగంత చేపలు తాగేశాయి. మిగిలిన సగం అక్షరం వదలకుండా చదివాను. ఒక మగవాడికి ముగ్గురు ఆడవాళ్ళా? ఇల్లు ఇరుకైనా తెచ్చేస్తావా? ఒక్కతే ఉంటే మూలకి తరుముతారని నువ్వే రాసి, పైగా నా సలహా అడుగుతావా? నాకు అనుభవమట. ముప్పై నాలుగేళ్ళుగా నాకు మీ అత్త ఒక్కతే. తెలివితక్కువగా ఈ ఉత్తరం ఆవిడ ముందే పైకి చదివాను. పొద్దున్నుంచి నాకు కాఫీ లేదు.

పసుపు రంగు వాళ్ళు కావాలా? నా కూతురు ఎండలో వలలు ఆరేసిన పిల్ల. పసుపుగా ఎలా ఉంటుంది? ఆ గవర్రాజు ఎవరో గానీ, ఆయన భార్య దీనికి ఎలా ఒప్పుకుందో కనుక్కుని రాయి.

మండిపోతూ,
అప్పలరాజు

తా.క.: ఆ ముగ్గుర్లో ఒక్కతైనా చేప వండుతుందా?

❖

ఉక్కునగరం, బుధవారం

మావయ్య గారికి, కంగారులో నమస్కారం కూడా వంకరగా పెడుతున్నాను.

ఈసారి ఉత్తరాన్ని రెండు పాలిథిన్ కవర్లలో చుట్టాను. వాళ్ళు ఆడవాళ్ళు కారు మావయ్యా, ఆడ చేపలు. పసుపు రంగు చేపలది. నాకు జ్యోతి ఒక్కతే. మా ఇంట్లో మూలకి పోయేది నేనే.

అసలు ఆ చేపలే మానేశాను. తొట్టి కొలత చెబితే, అంత చిన్నదాంట్లో అవి కొట్టుకు చస్తాయని మోహనకృష్ణే ఒప్పుకున్నాడు. ఆఫ్రికాలోనే టాంగన్యికా అని ఇంకో సరస్సుంది. అక్కడ వేలెడైనా లేని చేపలుంటాయి. అవి ఖాళీ నత్త గుల్లలో కాపురం పెడతాయి, పిల్లల్నీ అక్కడే పెంచుతాయి. గుల్లలు వేస్తే వాటి సున్నం కరిగి నీళ్ళు గట్టిపడతాయట, వాటికి అలాంటి నీళ్ళే పడతాయట. ఏడు చేపలు చెప్పి ఉంచాను. గుల్లలే దొరకలేదు. బీచిలో నేను ఏరినవన్నీ పగిలినవే.

మీ ఒక్కగానొక్క కూతురికి ఒక్కగానొక్క మొగుడు,
సాయిశంకర్

తా.క.: ఈ ఉత్తరం కూడా అత్తగారి ముందు పైకి చదవండి. కాఫీ వస్తుంది.

❖

యారాడ, గురువారం

సాయిశంకర్‌కి, మళ్ళీ అప్పలరాజే.

నీ కవర్లలోకీ నీళ్ళు పోయాయి. రెండే ముక్కలు మిగిలాయి: 'గుల్లలో కాపురం', 'నీళ్ళు గట్టిపడతాయి'. నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగాను. నీళ్ళు గట్టిపడటం ఐసు ఫ్యాక్టరీలో తప్ప ఎక్కడా చూడలేదు. అది పోనీ. కంపెనీ క్వార్టరుందని పిల్లనిస్తే, ఇప్పుడు దాన్ని గుల్లలోకి మారుస్తావా?

ఆదివారం నేనే వచ్చి పిల్లని తీసుకుపోతాను. గడప తొక్కనన్నాను గానీ, తొక్కకుండా తీసుకుపోయే దారి లేదు.

చొక్కా ఇస్త్రీకిచ్చి కూర్చున్న,
అప్పలరాజు

తా.క.: మీ ఇంట్లో పెద్ద గిన్నె ఉందా?

❖

యారాడ, సోమవారం

చిరంజీవి సాయిశంకర్‌కి మావయ్య మనసారా దీవించి రాసేది.

నిన్న గుల్లలు వెయ్యగానే నీ ఏడు చేపలూ తలో ఇల్లూ చూసుకున్నాయి. జ్యోతి వాటిని చూడనే లేదు, నన్ను చూస్తూ కూచుంది. "ఇన్నాళ్ళకి తోవ దొరికిందేటి అయ్యా?" అంది గుమ్మంలోనే. తీసుకుపోతానన్న మాట పక్కన పెట్టి, పెద్ద గిన్నె ఎక్కడుందని అడిగాను.

నువ్వొక్కటి నన్ను అడగలేదు. కోపంగా కూతుర్ని తీసుకుపోడానికి వచ్చినవాడు, ఉడకబెట్టి ఎండబెట్టిన గుల్లలు సంచి నిండా ఎందుకు తెస్తాడు? నీ రెండో ఉత్తరం అప్పడంలా పొడిగా వచ్చింది. మొత్తం చదివాను. కాఫీ కూడా వచ్చింది. కానీ పందిట్లో అంత మాట అన్నవాణ్ణి, ఊరికే ఎలా వస్తాను? కోపంగా అయితే రావచ్చు.

ఒకటి నేనూ అడగలేదు. మీ పెద్ద గిన్నెలో నిన్న నేను వండిన పులుసు నాలుగు ముక్కలు తిన్నావు. చేప పడనివాడు నాలుగు ముక్కలు తినడు. పెళ్ళినాటి పులుసులో ఉప్పు రెండుసార్లు పడిందని మీ అత్త ఆ రోజే చెప్పింది, నేనే ఒప్పుకోలేదు. నలుగురిలో నన్ను చిన్నబుచ్చలేక చేప పడదన్నావు. ఆ మాట కోసం మూడేళ్ళు చేప మానేశావు. నా మాట కోసం నేను మూడేళ్ళు కూతుర్ని మానేశాను. సిగ్గుగా ఉంది బాబూ.

వచ్చే ఆదివారం కోపం లేకుండానే వస్తాను.

మీ ఇంటి గడప తొక్కిన,
అప్పలరాజు

తా.క.: ఏడో చేప నన్ను చూడగానే గుల్లలోకి దూరింది. దానికి నీ పేరు పెట్టాను. ఈసారి వంజరం తెస్తాను, ఉప్పు నువ్వు వెయ్యి.