ఇసుక తాకని రొయ్య తలలు

సోమవారం, చైత్రం, 1964

పోలమ్మ కూతురు ఇవాళ సంగటి ఇంకొంచెం పెట్టమని అడిగింది. నాకింకా కలలాగే ఉంది.

గ్రామసేవికగా ఈ పల్లెకొచ్చిన కొత్తలో, రొయ్యలు ఒలిచి ఒడ్డున పారేసిన తలలు ఏరుకొచ్చాను. కడిగి, ఎండబెట్టి, వేయించి పొడి కొట్టాను. చిక్కిపోయిన ఆ పిల్లకు బలం, సంగటిలో కలపమన్నాను. పోలమ్మ గిన్నె పక్కకు నెట్టేసింది.

"ఇసక మీద పడింది గంగమ్మ సొత్తమ్మా. దాన్నెత్తి బిడ్డకెట్ట పెట్టేది?"

బుచ్చిరెడ్డిపాలెం వరిచేల మధ్య పెరిగినదాన్ని, నాకేం తెలుసు?

ఇవాళ ఒలిచే ఆడవాళ్ల చేతుల కింద పోలమ్మే గంప పట్టింది. ఒక్క తల కూడా ఇసుకను తాకలేదు. తనే వేయించి దంచింది. రోట్లోంచి లేచిన పొడి సాయంత్రపు ఎండలో లేత ఎరుపుగా తేలుతుంటే, ఆ గుడిసెలో సముద్రం ఊపిరి తీసుకుంటున్నట్టనిపించింది.

"ఇప్పుడు పెట్టొచ్చులేమ్మా," అంది.

ఇక్కడ పడుకుంటే అలల చప్పుడే. తలలన్నీ గంపల్లోకే పోతే గంగమ్మకేం మిగులుతుంది? నేనివన్నీ నమ్మను. అయినా ఇంటికొస్తూ చిటికెడు పొడి తడి ఇసుక మీద వదిలాను. నమ్మనిదాన్ని, అల వచ్చి దాన్ని తీసుకుపోయేదాకా ఎందుకు నిలబడ్డానో.