సరోజ అనే వైఫై

ఆగస్టు 9, శనివారం

చిన్నాయన వాడిన పాత మోడెమ్ ఈ పొద్దు వెలిగింది. ఆయన పోయి ఏడాదైంది. నా చదువుకు పనికొస్తుందని చింతామణిలో ఉండే మా చిన్నమ్మ దాన్ని అటక మీంచి దించింది. దాంతో పాటు ఎలా వాడాలో చెప్పే పుస్తకమేమీ లేదు. అడుగున ఉన్న చీటీ చదివి, పన్నెండు వోల్టుల అడాప్టర్ వెతికి తగిలించాను. ఫోన్‌లో వైఫై పేరు కనిపించింది: సరోజ.

చిన్నమ్మ పేరే. "నాతో ఒక్క మాట చెప్పలేదు చూడమ్మా, దొంగ!" అని ఎన్నాళ్లకో నవ్వింది.

పాస్‌వర్డ్ తెలియదు. వెనక ఉన్న సన్నని రంధ్రంలో నొక్కి పట్టుకుంటే పాత పాస్‌వర్డ్ పోతుందని నెట్‌లో చదివాను. పేరు కూడా పోతుందని ఆలోచించలేదు. పైటకున్న పిన్నీసు చిన్నమ్మే తీసిచ్చింది. నొక్కాను. లైట్లు ఆరి మళ్లీ వెలిగాయి. ఫోన్‌లో ఏవో అంకెలు.

"నా పేరు యాడికి పోయె?"

"మళ్లీ పెడతాను చిన్నమ్మా."

"నువ్వు పెడితే ఆయన పెట్టినట్టు అవుతాదా?"

ఇక్కడ ముందు 'పేరు పోయింది' అని రాశాను. కొట్టేశాను. పోలేదు, నేనే చెరిపాను.

రేపు పొద్దున నేను బాగేపల్లి బస్సెక్కకముందే ఆమెనడగాలి, ఏ పేరు పెట్టమంటావని. ఏదీ వద్దంటే ఆ అంకెలే ఉండనిస్తాను.