పన్నెండో ప్రశ్నకు జవాబు

టర్నర్స్ బెండ్, ఒహాయో
అక్టోబరు 14, 2025, మంగళవారం

హోలిస్ కౌంటీ స్కానర్ క్లబ్బు అధ్యక్షులు శ్రీ ఎల్డన్ క్రాబ్‌ట్రీ గారికి,

మిల్ స్ట్రీట్ నుంచి హార్లన్ ట్విచెల్ నమస్కారాలు. ఇక్కడ నా మోకాలు తప్ప మిగతాదంతా క్షేమం. తమరూ, తమ పెరట్లోని యాభై అడుగుల యాంటెన్నా స్తంభమూ చల్లగా ఉన్నారని తలుస్తాను. పోలీసు, ఫైర్ రేడియోల మాటలు ఇంట్లో వినిపించే కొత్త డిజిటల్ స్కానర్ ఎవరో తయారు చేస్తున్నారనీ, మనలాంటి వాళ్లకు అందులో ఏమేం కావాలో అడిగి తెలుసుకునే పని తమరికి అప్పగించారనీ తమరు పంపిన ప్రశ్నల కాగితం చూస్తే తెలిసింది. ఆరేళ్లుగా మాటల్లేని నాకూ ఒకటి వచ్చిందంటే, జాబితాలో నా పేరు కొట్టేయడం మరిచిపోయారనుకోవాలి.

ఈ 'తమరు' నా వల్ల కాదు. నలభై ఏళ్లు నువ్వని పిలిచిన మనిషికి పేజీ నిండా మర్యాద వడ్డించాలంటే చెయ్యి నొప్పెడుతోంది. నువ్వనే రాస్తాను. చనువు కొద్దీ అనుకోకు, అలవాటు కొద్దీ.

ముప్పై ఒక్కేళ్లు పత్రికలో ప్రూఫులు దిద్దినవాణ్ని కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేస్తాను. మూడో ప్రశ్నలో రెండు తప్పులున్నాయి. ఎనిమిదోది అసలు ప్రశ్నే కాదు, ప్రకటన. పన్నెండో ప్రశ్న అక్షరాలు పైవాటికన్నా పెద్దవి, సిరా కూడా చిక్కగా ఉంది. స్కానర్ చేస్తామనేవాళ్లకు పన్నెండు వాక్యాలు ఒక్క తీరుగా అచ్చు వేయడం రాలేదు. అయినా జవాబులు రాస్తున్నాను. ఎందుకంటే ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు.

ఏం కావాలంటే, ముందు మాట వినపడాలి. కౌంటీ వాళ్ల అయిదు టవర్లూ ఒకే మాటను ఒకేసారి పంపుతాయి. నది వంపులో గుట్టల మధ్య ఉన్న నా ఇంటికి ఆ అయిదూ వెంట్రుకవాసి తేడాతో చేరతాయి. ఇరవై మైళ్ల అవతల ఉన్నవాడికి గంట కొట్టినట్టు వినిపించేది, టవరు నీడలో ఉన్న నాకు గులకరాళ్లు పుక్కిలించినట్టు వినిపిస్తుంది. ఫైరింజన్లలో పెట్టే రేడియోలకు ఈ జబ్బు లేదు. మనకు అమ్మేవాటికే ఎందుకో వాళ్లనే చెప్పమను.

రెండోది, మొదటి మాట మింగకూడదు. పాత సెట్లలో ఈ బాధ లేదు. డిజిటల్ సెట్టు ఒక్కో ఛానలూ తిరగేస్తూ, ఒకదాని మీద ఎవరో మాట్లాడుతున్నారని గ్రహించి ఆగేలోపే సగం మాట అయిపోతుంది. మంట ఎక్కడో మొదటి మాటలోనే ఉంటుంది కదా. అందుకే ఫైర్ రేడియోలో పిలుపులు చెప్పే కొలువులో మా నాడీన్ చిరునామా రెండుసార్లు చెప్పేది. పై ఆఫీసరు ఒకసారి, ఎందుకమ్మా చెప్పిందే చెప్తావు అని అడిగితే, "మొదటిది మీకండీ, రెండోది ఇంట్లో కూర్చుని వినే మా ఆయనకి" అందట. నీకు గుర్తుండే ఉంటుంది, డైనర్ హోటల్లో ఈ మాట చెప్పి మూడు శనివారాలు నన్ను ఏడిపించావు.

మూడోది గుండీలు. వేలికి తగిలే గుండీలు కావాలి. శబ్దానికి ఒక తిప్పే గుండీ, అంతే. మెనూ లోపల మెనూ, దాని లోపల ఇంకోటి పెట్టి, అందులో శబ్దాన్ని దాచిపెట్టడం తెలివి కాదు. అక్షరాలు కళ్లజోడు లేకుండా కనిపించాలి. ఈ సెట్లు కొనేవాళ్లలో సగం మందికి డెబ్బై దాటాయని ఆ కంపెనీ కుర్రాళ్లకు ఎవరైనా చెప్పండి. కంప్యూటరు లేకుండా ఛానళ్లు ఎక్కించుకునేలా ఉండాలి. పోయిన మాటను వెనక్కి తెచ్చి మళ్లీ వినిపించే బటన్ ఉండాలి. అది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకో కింద రాస్తాను.

ఇంకొకటుంది. నిశ్శబ్దంగా ఉన్న ఛానల్‌కీ, మూసేసిన ఛానల్‌కీ తేడా చెప్పే ఒక చిన్న దీపం కావాలి. ఎవరూ మాట్లాడటం లేదా, మాట్లాడుతుంటే నాకు వినపడనివ్వటం లేదా? ఈ రెండూ ఒకటి కాదు ఎల్డన్. దీపం లేకపోవడం వల్ల నా ఆరేళ్లు పోయాయి.

మిగతా సభ్యులు నిన్ను అడగరు కాబట్టి నేను అడుగుతున్నాను. కౌంటీ రేడియో కమిటీలో మన తరఫున నిన్ను కూర్చోబెట్టింది ఎందుకు? వినే హక్కు కాపాడతావని. నువ్వేం చేశావు? పోలీసు ఛానళ్లు బయటివాళ్లకు వినపడకుండా తాళం వేద్దామంటే చెయ్యెత్తావు. అధికారి వచ్చి నీ భుజం మీద చెయ్యి వేసి కాఫీ పోస్తే కరిగిపోయావు. ఇన్నేళ్లుగా యుద్ధాల చరిత్రలు చదువుతున్నాను. శత్రువు బద్దలు కొట్టిన కోటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లోపలివాడు గడియ తీసి ఇచ్చిన కోటలకే లెక్కలేదు.

పోలీసుల సంగతి పోనీ. ఫైర్ ఛానల్ జోలికి రానన్నావు. డైనర్లో అందరి ముందూ, "నాడీన్ గొంతుకి తాళం వేస్తానట్రా? వేస్తే నువ్వు నన్ను బతకనిస్తావా?" అన్నావు. నేనూ నవ్వాను.

చివరి పిలుపు అంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. కానీ నాకు చెప్పుకోవాలని ఉంది. ఫైర్ కొలువులో ఉన్నవాళ్లు పోతే, ఖననం రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఛానల్ మీద వాళ్ల నంబరు పిలుస్తారు. ఒకసారి పిలిచి ఆగుతారు. మళ్లీ పిలిచి ఆగుతారు. మూడోసారి కూడా జవాబు రాకపోతే, ఫలానా వారి విధులు ముగిశాయి, ఇక మేం చూసుకుంటాం అని చెప్పి ఊరుకుంటారు. ఇరవై ఆరేళ్లలో నాడీన్ అలా పదకొండు మందిని పిలిచింది. ఒకసారి అలా పిలిచి ఇంటికొచ్చాక అంది, "మూడోసారి తర్వాత ఖాళీ ఉంటుంది చూడు హార్లన్, అదే అసలు పిలుపు. తొందరపడి దాన్ని పాడు చేయకూడదు. లోపల అయిదు లెక్కపెడతాను" అని.

ఆసుపత్రిలో చేరాక నా దగ్గర మాట తీసుకుంది. "నన్ను పిలిచేటప్పుడు నువ్వు ఆ యూనిఫారాల మధ్య టై కట్టుకుని నిలబడొద్దు. ఇన్నేళ్లూ ఎక్కడ విన్నావో అక్కడే విను. వంటగదిలో" అంది. సరేనన్నాను.

ఆ రోజు శ్మశానం నుంచి అందరూ చర్చి హాల్లో భోజనాలకు వెళ్లారు. నేను వెళ్లలేదు. పదకొండు నలభైకి వంటగదిలో సెట్టు ముందు కూర్చున్నాను. అంతకుముందు రెండు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరగడంతోనే సరిపోయి దాన్ని తాకనైనా లేదు. స్కూలు బస్సుల డ్రైవర్ల కబుర్లు వచ్చాయి. రోడ్ల వాళ్లు ఎక్కడో పైపు పగిలిందన్నారు. నది మీద పడవ లాకుల్లోకి వస్తున్నానంది. ఫైర్ ఛానల్ మీద మాత్రం సెట్టు ఒక్కసారీ ఆగలేదు. పన్నెండయింది. పన్నెండుంబావు అయింది. నా భార్యను కౌంటీ మొత్తం పిలుస్తోంది, నేను మాత్రం పైపు పగిలిన సంగతి వింటున్నాను.

ఆ సాయంత్రమే నీకు ఉత్తరం రాశాను. ఏమేం విన్నానో, ఏది వినలేదో ఒక్కొక్కటీ రాసి, ఫైర్ ఛానల్‌కి కూడా తాళం వేయించావన్నాను. ఇంకా చాలా అన్నాను. నువ్వు ఫోన్ చేశావు. "తాళం వేయలేదురా, నా మాట విను. నీ సెట్టు ఒక్కసారి చూసుకో" అన్నావు. నాకా చెప్పేది! మన క్లబ్బులో సగం మందికి స్కానర్ వాడటం నేర్పిన వాణ్ని. 1998లో ఏమయిందో మరిచిపోయావా? రోడ్ల వాళ్ల గోల భరించలేక స్కిప్ బటన్ రెండుసార్లు నొక్కేసి, నెల తర్వాత సెట్టు చచ్చిపోయిందని డైనర్‌కి చంకన పెట్టుకొచ్చావు. ఒకసారి నొక్కితే ఆ పూటకే దాటేస్తుంది, రెండుసార్లు నొక్కితే మళ్లీ మనం విప్పేదాకా దాటేస్తూనే ఉంటుందని అందరి ముందూ విప్పి చూపించాను. "వేలు నీదిరా, తప్పు సెట్టుదా?" అంటే డైనరంతా పడిపడి నవ్వింది. ఆ నువ్వా, నా సెట్టు చూసుకోమనడం? ఫోన్ పెట్టేశాను. వారం తర్వాత నువ్వు పంపిన మెత్తని కవరు మీద 'తీసుకోను' అని రాసి తిప్పి పంపాను. ఆ ఏడాది క్రిస్మస్ కార్డు మాత్రం తిప్పి పంపలేదు, అలాగని విప్పనూ లేదు. సెట్టు వైరు పీకి వంటగది అలమర మీద, ముఖం గోడకు తిప్పి పెట్టాను. అప్పటి నుంచి వినడం లేదు.

ఇవీ నా కోరికలు. కంపెనీ వాళ్లకు పంపేటప్పుడు కింద సగం చించేసుకో.

పన్నెండో ప్రశ్న ఒకటి మిగిలింది. 'మీ ప్రస్తుత సెట్టులో మీరు స్కిప్ చేసి ఉంచిన ఛానళ్లు ఏవి? గుర్తున్నంత మేరకు కాదు, మెనూలో చూసి రాయండి' అని ఉంది. తలాతోకా లేని ప్రశ్న. కానీ చూడకుండా జవాబు రాసే మనిషిని కాను. మోకాలు ఒప్పుకుంటే నిచ్చెన వేసి ఆ సెట్టు దించి, చూసి, అదీ రాసి పంపుతాను.

అలవాటు కొద్దీ తప్ప నీవాడిని కాని,
హార్లన్ ట్విచెల్

తా.క. గురువారం.

ఎల్డన్,

నిన్న సెట్టు దించాను. దుమ్ము తుడిచి, వైరు పెట్టి, మెనూ తెరిచాను. స్కిప్ చేసిన ఛానల్ ఒక్కటే ఉంది.

అది కనపడగానే గుర్తొచ్చింది. నాడీన్ ఆసుపత్రిలో చేరిన మర్నాడు. పొద్దున బట్టలు తీసుకెళ్లడానికి ఇంటికొచ్చాను. సెట్టు మోగుతోంది. ఆమె కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి. మేపుల్ స్ట్రీట్‌లో పొగ అంది, చిరునామా ఒక్కసారే చెప్పింది. అంతే, నా చెయ్యి వెళ్లి స్కిప్ బటన్ నొక్కింది. ఇన్నాళ్లూ నొక్కిన సంగతే గుర్తు లేదు. రెండుసార్లు నొక్కాను. వేలు నాదే.

ఆ రోజు ఛానల్ తెరిచే ఉంది. తాళం వేసి ఉంటే సెట్టు దాని మీద ఆగి గరగరలాడి ముందుకు పోయేది. నాది అసలు ఆగనే లేదు. ఆ తేడా నా ఉత్తరంలో నేనే రాశాను, నాకే అర్థం కాలేదు. నీకు అప్పుడే అర్థమై ఉంటుంది.

పొద్దున డోరిస్ నై కిరాణా కొట్లో కనపడింది. క్లబ్బు లెక్కలన్నీ ఆమెకి తెలుసు కాబట్టి, పన్నెండో ప్రశ్నకు నువ్వేం రాశావు అని అడిగాను. "పన్నెండెక్కడివి హార్లన్? పదకొండే కదా. నీకేమన్నా స్పెషల్‌గా పంపాడా?" అని నవ్వింది. ఇంటికొచ్చి కాగితం మళ్లీ చూశాను. పెద్ద అక్షరాలు, చిక్కటి సిరా. నా కళ్ల సంగతి తెలిసి అంత పెద్దవి పెట్టావు. ముప్పై ఒక్కేళ్లు అక్షరాలు చూసి బతికినవాణ్ని, అది వేరే చేతి అచ్చని పసిగట్టి కూడా తప్పు కంపెనీ మీదకి తోసేశాను. 'వేలు నీదిరా' అని ఒక్క ముక్క రాసి పడేస్తే నీ కసి తీరేది. నువ్వు అలా రాయలేదు. నన్నే వెళ్లి చూసుకోమన్నావు.

నాడీన్ వచ్చిన పిలుపులు రాసుకునే తన లాగ్ పుస్తకంలో తప్పు పడితే కాగితం చించేది కాదు, దిద్దేదీ కాదు. చదవడానికి వీలుగా దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, పొడి అక్షరాలు పెట్టేది. అందుకే పై పేజీలు చించలేదు. నీ మీద రాసిన వాక్యాల మీద ఒక్కొక్క గీత గీశాను. పక్కన 'హా.ట్వి.' అని ఉంటుంది, చూడు. కోట గురించిన వాక్యం మీద మాత్రం గీయలేదు. అది నిజమే. లోపలివాడెవరన్నదే తప్పు రాశాను.

పన్నెండో ప్రశ్నకు జవాబు: ఫైర్ ఛానల్. మూసింది నేను. ఇవాళ పొద్దున తెరిచాను. ఆ కొత్తమ్మాయి ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు చిరునామా రెండుసార్లు చెప్తోంది.

కంపెనీ వాళ్లకు ఇంకొక కోరిక కలిపి రాయి. స్కిప్ బటన్ రెండోసారి నొక్కబోతే, ఇది మళ్లీ ఎప్పటికీ వినొద్దా అని ఆ సెట్టు మనిషిని ఒక్కమాట అడగాలి.

ఆ మెత్తని కవరు ఇంకా నీ దగ్గరుందా? అందులో ఏముందో ఇప్పుడు తెలుసు, ఆ రోజు పిలుపు నువ్వు రికార్డు చేసి ఉంటావు. ఉంటే పోస్టులో పంపకు. శనివారం పన్నెండింటికి పట్టుకురా. వంటగదిలో ఈ సెట్టు స్పీకర్‌కే తగిలించి వినిపించు. మూడో పిలుపు తర్వాత వచ్చే ఖాళీలో ఏమీ మాట్లాడకు. నీకు ఊరుకోవడం చేతకాదని తెలుసు, అయినా అయిదు లెక్కపెట్టు.

క్రిస్మస్ కార్డు ఇందాకే విప్పాను. ఫోన్ నా ఉత్తరానికి జవాబు, అది లెక్కలోకి రాదు. కవరు ఒకసారి, కార్డు ఒకసారి, ఈ కాగితం ఒకసారి. మూడుసార్లు పిలిచావురా. ఆ తర్వాత ఇంకెవరూ పిలవరని నాకు తెలుసు.

వినపడింది.

హార్లన్