మనవాళ్లెవరూ లేని ఊరు

హైదరాబాద్,
అక్టోబరు మొదట్లో

నరసింగరావు మావయ్యకి,

మేనకోడలు కృష్ణప్రియ నమస్కారాలు. నేనిక్కడ కులాసా. భిలాయిలో మీరూ అత్తయ్యా కులాసా అని తలుస్తాను.

ఫోను చేద్దామంటే స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లు మీ చెవుల్ని ఎప్పుడో తినేసింది. పైగా ఫోను ఉండేది అత్తయ్య చేతిలో. అందుకే ఉత్తరం. నాకు తెలుగు రాయడం నేర్పింది మీరే కనుక, తప్పులుంటే మీ చెవి మీరే మెలిపెట్టుకోండి.

విషయం ఏమిటంటే, నవంబరులో నాకు వారం సెలవు. నేనూ ఒక నేస్తమూ చెరో సంచీ వీపున వేసుకుని ఎక్కడికైనా వెళ్లాలనుకుంటున్నాం. స్లీపర్ క్లాసు, ఎర్ర బస్సు, చవక గది, దారిలో దొరికింది తినడం, బస్. అమ్మని అడిగితే "మావయ్య సరేనంటే సరే" అంది. హంపీ ఎలా ఉంటుందంటారు? మీరు దేశమంతా తిరిగినవారు కదా.

మీ పచ్చజెండా కోసం ఎదురుచూస్తూ,
ప్రియ

తా.క. వీపు సంచీలో ఎక్కువ పట్టదు. దయచేసి ఆవకాయ జాడీ పంపకండి.


సెక్టర్ 4, భిలాయి

చిరంజీవి ప్రియని మావయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. పిల్లలు లోకం చూడాలి, తప్పకుండా వెళ్లు. హంపీ దివ్యమైన ఊరు. ఎందుకంటే నాతో మిల్లులో పనిచేసిన వాసుదేవరావు ఆ పక్కనే కొడుకు దగ్గర ఉంటున్నాడు. అతనికి అప్పుడే రాసేశాను. స్టేషనుకి కారు వస్తుంది. మీకోసం ముందుగది ఖాళీ చేయిస్తున్నారు. ఆ రాళ్లూ గుళ్లూ ఎండలో పడి తిరగనక్కర్లేదు, వాళ్ల డాబా మీంచి చూస్తే మసకమసకగా కనిపిస్తాయట.

ప్లాంటువాళ్లకి అద్దె గది ఏమిటమ్మా? రూర్కెలా, బొకారో, దుర్గాపూర్, పూరీ, నేను ఎక్కడ రైలు దిగినా మనవాడొకడు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. ఇంతవరకూ హోటలు మంచం మీద నడుం వాల్చి ఎరగను. ఇంతకన్నా చవక యాత్ర ఎవడైనా చేసుంటే నాకు చూపించు.

నీ క్షేమం కోరే
మావయ్య

తా.క. వీపున మోత మోయడం నీకేం ఖర్మ? నా చక్రాల పెట్టె పంపుతున్నాను. అందులో ఆవకాయ ఉంది. నువ్వు జాడీ వద్దన్నావని డబ్బాలో పెట్టించాను.


హైదరాబాద్

మావయ్యకి,

ప్రియ నమస్కారాలు. పెట్టె అందింది. డబ్బాని నా గదిలో అమ్మాయిలు నాకేశారు. వాసుదేవరావు అంకుల్‌కి నా తరఫున క్షమాపణ చెప్పండి. హంపీ వెళ్లడం లేదు.

కోపం తెచ్చుకోకండి. నా నేస్తానికి ఒకటే కోరిక. ఎక్కడికి వెళ్లినా తెలిసినవాళ్ల ఇల్లే దిక్కట. కాళ్లు కడుక్కోగానే వంటింట్లోకి వెళ్లాల్సిందేనట. ఒక్కసారి మనవాళ్లెవరూ లేని ఊరికి వెళ్లి, వంటిల్లు కంట పడకుండా, ఎవరో చేసి ఇచ్చిన టీ కూర్చుని తాగాలట. ఆ మాట చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటే నాకూ ఏడుపొచ్చింది. ఆ ముచ్చట తీర్చకపోతే నా సెలవు దండగే.

కాబట్టి జగదల్‌పూర్ వెళ్లి జలపాతం చూద్దామనుకుంటున్నాం. అక్కడ మనకి ఎవరూ లేరు కదా. లేరనే చెప్పండి.

మీ
ప్రియ

తా.క. చక్రాల పెట్టె తాళం మీ దగ్గరే ఉండిపోయింది. డబ్బా కోసం అమ్మాయిలు పెట్టెని స్క్రూడ్రైవరుతో తెరిచారు.


సెక్టర్ 4, భిలాయి

చి. ప్రియకి ఆశీస్సులు.

జగదల్‌పూర్‌లో ఎవరూ లేకపోవడమేమిటి? కిరండూల్ ఇనుప గనుల్లో మన గోపాలం లేడూ? నువ్వు అడిగిందే తడవు అతనికి చెప్పేశాను. జలపాతం దగ్గరికి టిఫిన్ క్యారియరుతో వస్తాడు. మీరు ఏ వైపు నుంచి వచ్చినా కనిపించేలా 'భిలాయి నరసింగరావుగారి మేనకోడలు' అని బోర్డు రాయిస్తున్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ నేస్తం గురించి రెండు ఉత్తరాలు రాశావు. పేరు ఒక్కసారీ రాయలేదు. మా రోజుల్లో ఆడవాళ్లు పేరు చెప్పకుండా దాటవేసేది ఒక్క మనిషి గురించే. పైగా వంటిల్లంటే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. ఆడపిల్ల అయితే అలా బెదరదు. అబ్బాయే. అందులోనూ గారాబంగా పెరిగిన అబ్బాయి. హాస్టల్లో తోటివాళ్లు వంట చేయించి ఉంటారు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించి, "ఎవరై ఉంటారంటావు?" అని అడిగాను. "ఏటో మరి, నాకేటి తెలుసు" అని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లో ఒక్కతే నవ్వుకోవడం చూశాను. పాపం, ఆవిడకి లోకజ్ఞానం తక్కువ.

నిజం చెప్పు తల్లీ. నేను అరవను. అరిచినా నాకు వినపడదు.

మావయ్య

తా.క. అబ్బాయి స్టీలు ప్లాంటు కుటుంబమైతే చెప్పు, సగం భారం దిగుతుంది.


హైదరాబాద్

మావయ్యకి,

అరే, అబ్బాయీ లేడు, పెళ్లీ లేదు. ఒట్టు. జగదల్‌పూర్ కూడా లేదు. గోపాలం అంకుల్‌ని ఆ బోర్డు దించెయ్యమనండి.

ఈసారి ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడా మనవాడొకడు మొలుస్తాడు. నవంబరు రెండో శనివారం, మీ పక్కనే ఉన్న దుర్గ్‌లో అంబికాపూర్ బండి ఎక్కుతాం. అంతవరకే మీకు తెలియాలి.

నా నేస్తం మీకు నచ్చకపోతే నా పేరు మార్చుకుంటాను. అంత మంచి మనిషి. కానీ ఒక చిక్కుంది. ఇంట్లోంచి బయటపడే దారి ఇంకా దొరకలేదు. అడగడానికి నోరు రావడం లేదట. అడిగితే ఇంటిపెద్ద కాదనరుగానీ, వెంటనే ఎవరో ఒకరి ఇల్లు చూసి అక్కడికే పంపిస్తారట. దారి దొరక్కపోతే ఈ యాత్ర లేదు. నేను ఒక్కదాన్నే వెళ్లి ఏం చేసుకోను?

బెంగగా,
ప్రియ

తా.క. అత్తయ్యకి లోకజ్ఞానం తక్కువని మళ్లీ రాయకండి. ఉత్తరాలు ఎవరి చేతిలో పడతాయో తెలియదు.


సెక్టర్ 4, భిలాయి

చి. ప్రియకి,

ఇంట్లోంచి బయటపడే దారి. నీ చేత్తో నువ్వే రాశావు. ఇంట్లో చెప్పకుండా వచ్చేస్తున్నాడన్నమాట. ఆ ఇంటిపెద్ద ఎవరో గానీ నాకు ఆయన మీద జాలేస్తోంది. కళ్లెదుటే ఇంత నాటకం జరుగుతుంటే కనిపెట్టలేని వెర్రిబాగులవాడు.

నేను అలాంటివాణ్ణి కాను. పచ్చజెండా ఊపుతాను, ఒక షరతు మీద. మీ అత్తయ్య మీ వెంట వస్తుంది. ఊరేదో నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆ నేస్తం ఎలాంటివాడు, ఏ ఊరివాడు, తాగుడుందా, ఇంటిపెద్ద ఎవరు, అన్నీ కనిపెట్టి ఆవిడ నాకు ఉత్తరం రాయాలి. రైల్వేలో పనిచేసిన మన తిరుమలరావు అదే బండికి ఆవిడ టిక్కెట్టు తీసిచ్చాడు. ఆ రోజు దుర్గ్ స్టేషను బయట నేనే దింపుతాను. లోపలికి రాను. నన్ను చూస్తే పిల్లవాడు పారిపోతాడు.

ఆవిణ్ణి ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. "నానెక్కడికీ రాను, మీకు టీ ఎవలు పెడతారు" అని ఒకటే గొడవ. "నా మాట విని వెళ్లు, పిల్ల బతుకు నీ చేతిలో ఉంది" అని బతిమాలాను. చివరికి "మీరింత పట్టు పడితే ఏటి సేస్తాను" అని ఒప్పుకుంది.

జాగ్రత్తగా ఉండు.
మావయ్య

తా.క. ఒక్క సంగతి అర్థం కాలేదు. ఒప్పుకున్నాక సామాను సర్దుకోవే అంటే, మంచం కిందనుంచి సర్దేసిన వీపు సంచీ లాగింది. కొత్త బూట్లు కూడా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకి డాక్టరు రాశాడట.


అంబికాపూర్ దగ్గర మైన్‌పాట్ కొండ మీదనుంచి,
నవంబరు

శ్రీవారికి,

లక్ష్మీకుమారి నమస్కరించి రాయునది. ఇలా మొదలుపెట్టాలని మా అమ్మ చెప్పేది. ఇన్నాళ్లూ మిమ్మల్ని వదిలి ఎక్కడికీ వెళ్లకపోవడంతో మీకు ఉత్తరం రాసే పనే పడలేదు.

మీరు కనిపెట్టి రమ్మన్న సంగతులన్నీ కనిపెట్టాను. ప్రియ నేస్తానిది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. తాగుడు ఉంది, రోజుకి నాలుగైదు టీలు. వంట బాగా వచ్చు, అదే వచ్చిన చిక్కు. ఇంటిపెద్ద రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. చెవులు మందం గానీ మనసు మెత్తన. వెర్రిబాగులవాడని మీరే రాశారు, నేననలేదు. ఆ నేస్తం నేనేనండీ.

మిమ్మల్ని మోసం చేద్దామని కాదు. అడుగుదామనుకున్నప్పుడల్లా మీరు "ఎక్కడికి? అక్కడ మనవాళ్లెవరున్నారు?" అనేవారు. పూరీ వెళ్లాం కదా, సముద్రం మీరు చూశారు. నాకు మీ స్నేహితుడి వంటింటి కిటికీలోంచి హోరు వినిపించింది. బొకారోలో నేను చూసింది గ్యాస్ పొయ్యి. ఎవరినీ తప్పు పట్టడం లేదు. అందరూ ఆదరించినవాళ్లే. కానీ ఆడది ఆదరించే ఇంటికి వెళితే, ఆ ఇంటి ఆడదానితో పాటు పొయ్యి దగ్గర నిలబడాలి. అది మీకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

దారి ఎలా దొరుకుతుందా అని నేనూ ప్రియా ఫోనులో నెల రోజులు మథనపడ్డాం. ఆఖరికి మీరే బతిమాలి, టిక్కెట్టు తీయించి, స్టేషను దగ్గర దింపి వెళ్లారు. ప్రియ ముందే ఒకటి తీసి ఉంచింది. నా పేరున రెండు బెర్తులు. ఒకదాని మీద నేను, రెండోదాని మీద నా బూట్లు, టీసీ వచ్చేదాకా దర్జాగా వచ్చాం.

ఇక్కడ మేమున్న గది, ఎప్పుడో వచ్చి ఈ కొండ మీద స్థిరపడ్డ ఒక టిబెటన్ ఆవిడది. పొద్దున్నే పొగలు కక్కే టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. బయట మంచు, కొండలు. తాగి, అలవాటుకొద్దీ గ్లాసు కడగడానికి లేచాను. ఆవిడ నవ్వి నా చేతిలోంచి లాగేసుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ప్రియ ఫొటో తీసింది. దాన్ని మీరు చూస్తే ఎవరో చచ్చిపోయారనుకుంటారు. అంత సంతోషం.

ఇక్కడ జల్జలీ అని ఒక చోటుంది. గడ్డినేల. దాని మీద ఎగిరితే నేలంతా పరుపులా ఊగుతుంది. కాలేజీ పిల్లలు ఎగురుతుంటే "మోకాళ్లు జాగ్రత్త అత్తయ్యా" అంది ప్రియ. నా మోకాళ్లకి ఏ రోగమూ లేదు. పక్కనున్నవాళ్లు కూడా ఊగేటట్టు ఎగిరాను.

ఆదివారానికి వచ్చేస్తాను. అంతవరకూ టీ మీరే పెట్టుకోండి. పాలు పొంగితే పొయ్యి తగ్గించాలి, పొయ్యి ముందు నిలబడి నన్ను పిలిస్తే లాభం లేదు.

మీ
లక్ష్మీకుమారి

తా.క. ఇక్కడ బాక్సైట్ గని ఉంది. నిన్న టీకొట్టులో ఒకాయన "ఏటి, ఇంకా మరగనేదా" అన్నాడు. మనవాడే. నేనూ ప్రియా గబుక్కున హిందీలోకి దిగిపోయి, మొహాలకి మఫ్లర్లు చుట్టుకుని బయటపడ్డాం.

ఇంకో తా.క. మీరు లేకుండా ఇంత బాగుంటుందనుకోలేదు. మీరుంటే ఇంకా బాగుండేదని కూడా అనుకోలేదు, ఇక్కడికి వచ్చాకే తెలిసింది. వచ్చే ఏడు మీరూ రండి. టిక్కెట్టు నేను తీస్తాను. ఊరి పేరు మాత్రం రైలు దిగాకే చెబుతాను.