బెల్టు కాడ ఆగిపోనాను

బొబ్బిలి,
సెప్టెంబరు 2016

మెర్సీ నాన్నకు దేవమణి వందనాలు.

ప్రభువు దయవల్ల నేనూ, పిల్లా, అత్తయ్యా బాగానే ఉన్నాం. అక్కడ పారాదీప్‌లో ఆ ఐసు బండి తోలుతూ మీరు వేళకు తింటున్నారో లేదోనని మా బెంగ. నంబరు మార్చారు, కొత్తది ఉత్తరంలో రాయలేదు. అందుకే బడి మానేశాక ముట్టని పెన్ను మళ్ళీ పట్టాను. తప్పులుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

మెర్సీ దగ్గు తగ్గిందా అని అడిగారు. తగ్గింది, అల్లరి పెరిగింది. అత్తయ్య నేనిస్తే మందు మింగదు, మీ అన్నయ్య వచ్చి ఇస్తే మింగుతుంది. ఆయన ఎలా ఉన్నారని మాత్రం మీరు అడగలేదు.

ఇక్కడ మన బండి సంగతి చాలా ఉంది. మీరు వెళ్ళాక మా తమ్ముడు ఫిన్నీ దాని మీద రామభద్రపురం నుంచి విజయనగరానికి కూరగాయలు తోలుతున్నాడు. ఎండలున్నన్నాళ్ళూ బుద్ధిగా నడిచింది. వానలు పడేసరికి మొండికేసింది. లైట్లు మసకబారడం, స్టీరింగు ముందు బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలగడం, ఆపితే మళ్ళీ స్టార్టవకపోవడం. బ్యాటరీ మార్చాడు. కొన్నాళ్ళకు అదీ దిగిపోయింది. బ్యాటరీకి ఛార్జింగు ఇచ్చే డైనమో విప్పించి బ్రష్షులు వేయించాడు. మళ్ళీ అదే రోగం. వాడికి బండి చూసుకోవడం చేతకాదని నోటికొచ్చినట్టు తిట్టాను. నా నోటి సంగతి మీకు కొత్తగా చెప్పాలా.

పోయిన సోమవారం నేనూ బండెక్కాను. గజపతినగరం దగ్గర జల్లు పడింది. కీచుమని అరిచి, ఎర్ర లైటు వేసుకుని, కాసేపటికి వంకాయల లోడుతో సహా ఆగిపోయింది. రోడ్డు మీద వాళ్ళు తోసి దాలయ్య అనే మెకానిక్కు షెడ్డుకు చేర్చారు. ఆయన వేరే బ్యాటరీ పెట్టి స్టార్టు చేసి, మీటరుతో చూస్తే ఛార్జింగు బాగానే ఉంది. ఫిన్నీ తల పట్టుకున్నాడు. అప్పుడు దాలయ్య హెడ్‌లైట్లు వేయించి, డైనమోను తిప్పే బెల్టు మీద చెంబుడు నీళ్ళు చల్లాడు. అదే కీచు, అదే ఎర్ర లైటు. ఇంజను ఆపి బెల్టు ఊడదీసి తిరగేసి చూపించాడు. పైకి బాగానే ఉంది, లోపలి వైపు అద్దంలా నున్నబడిపోయింది. తడిస్తే జారిపోతోంది, డైనమో సరిగా తిరగడం లేదు.

"బెల్టు కాడే ఉన్నాది తల్లీ సిక్కంతా," అన్నాడు. "ముందు తోలినాయనకి తెలుసు. బిగించి బిగించి ఈ బోల్టు తల అరగ్గొట్టీసినాడు, సూడు."

ఆ మాట నేను ముందే విన్నాను. పోయినేడు ఆ వానరోజు సాయంత్రం రామభద్రపురం నుంచి మీరు ఫోనులో అన్నదీ ఇదే కదా. "బెల్టు కాడ ఆగిపోనాను, రేపు వస్తాను" అన్నారు, లైను తెగిపోయింది. మన ఊళ్ళో బెల్టంటే దొంగచాటుగా సీసాలమ్మే బెల్టు షాపే. బాప్తిస్మం తీసుకోకముందు మీ సాయంత్రాలన్నీ గడిచింది అక్కడే. బండికి కూడా ఒక బెల్టు ఉంటుందని నాకు తట్టలేదు. మర్నాడు ఎర్రటి కళ్ళతో వచ్చి బండి బెల్టేనని మీరు చెబుతుంటే, అబద్ధమైనా అతికినట్టు ఆడమని వెక్కిరించాను. మీ చేతులకు మోచేతులదాకా గ్రీజు ఉంది. చూసి కూడా నమ్మలేదు.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. మీరు తాగి వచ్చారని పాస్టరు గారికి మీ అన్నయ్య ఏసుదానమే చేరవేశారని, సంఘ పెద్ద అయినంత మాత్రాన తమ్ముణ్ణి బజారున పెడతాడా అని, ఇక ఆయన మొహం చూడనని రాశారు. ఆయన కాదండీ. నేను. ఆ ఉదయం మీరు నిద్రపోతుంటే వెళ్ళి చెప్పాను. మందలిస్తారనుకున్నాను గానీ ప్రభువు బల్లకు, ఆ రొట్టెకూ రసానికీ దూరం పెడతారనుకోలేదు. రొట్టె పళ్ళెం మిమ్మల్ని దాటించి పక్కవాళ్ళకిచ్చినప్పుడు మీరు తల దించుకున్నారు. 

చెప్పింది నేనేనని మీ అన్నయ్యకు తెలుసు. మీరు వెళ్ళిపోయాక ఆయన దగ్గర ఏడ్చి, నిజం రాసేస్తానన్నాను.

"నన్నే అనుకోనీ అమ్మా," అన్నారు. "అన్నదమ్ములం, ఎప్పుడో కలుస్తాం. నువ్వని తెలిస్తే ఆడు ఇంటికి రాడు."

నేను ఊరుకున్నాను. నాకూ అదే హాయిగా ఉంది. నేను చేసిన పనికన్నా ఆ హాయికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

నిన్న ఆదివారం బల్ల ఇచ్చారు. పళ్ళెం నా దగ్గరకొస్తే ముట్టుకోలేదు. లేచి నిలబడి, అది ఏ బెల్టో సంఘమంతటికీ చెప్పాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరు గారు నవ్వలేదు. విచారించకుండా మీకు అన్యాయం చేశామని, మీరెప్పుడొస్తే అప్పుడు మీ చోటు మీదేనని అన్నారు. మీ అన్నయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

నన్ను తిట్టాలంటే వచ్చి తిట్టండి. రానంటే మిమ్మల్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు, ముందు మీ అన్నయ్యకు రాయండి. పోస్టు వచ్చే వేళకు రోజూ మన గుమ్మంలోకొచ్చి కూర్చుంటారు. తన పేరున ఏమైనా వచ్చిందా అని ఒక్కనాడూ అడగరు. పోస్టుమాన్ మన వీధి దాటేదాకా ఉండి, అత్తయ్యకు మందు వేసి వెళ్ళిపోతారు.

ఇట్లు,
మీ మాట చెవిన పెట్టని మీ భార్య
దేవమణి