శ్రావ్య విల్లుకు కొత్త కొలత

కోరుట్ల,
ఆదివారం.

శ్రీనూ,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. నీ బిడ్డ శ్రావ్య విల్లు గురించి రాస్తున్నాను.

వచ్చే వారం జగిత్యాలలో ఎంపిక పోటీలు. నువ్వు బిగించిచ్చిన కప్పీల కాంపౌండ్ విల్లు ఆమెకు పొట్టిదైంది. నారి లాగితే మోచేయి ముడుచుకుంటోంది, బాణాలు చెదురుతున్నాయి. కొలత మార్చడానికి కోచ్ స్క్రూలు విప్పబోతే శ్రావ్య విల్లు లాక్కుంది.

"నాయిన పెట్టింది ఎవ్వరు ముట్టద్దు, నానమ్మా!"

"మీ నాయిన నీ చెయ్యి కొలిచి పెట్టిండు. ఇప్పుడు చెయ్యి పెరిగింది. వాడుంటే వాడే మారుస్తుండె, పిచ్చిదానా!"

విల్లు నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లింది. అలసిపోయాను, శ్రీనూ. ఇక చేయాల్సినవి:

1. రేపు కోచ్‌తో నారి లాగే పొడవు ఒక మెట్టు పెంచించాలి.
2. నారిలోని పీప్ సైటును, అదే గురి చూసే చిన్న కన్నాన్ని, ఆమె కంటికి ఎదురుగా మళ్లీ కట్టించాలి.
3. విల్లు ముందున్న గురి సైటు మీద యాభై మీటర్ల గుర్తు కొత్తగా పెట్టించాలి.
4. అంతకుముందు, ఆ సైటు మీద నీ చేతిరాతతో పాత గుర్తులున్న పట్టీ తీసేయాలి. అది పిల్ల వల్ల కాదు. నేనే తీయాలి.